దొంగల సినిమా అని తీసిపారేయరాదు

మోకిల: దోపిడీ కథల సినిమా అనగానే పిల్లలు చెడిపోతారని ఊళ్లో పెద్దలు అనడం మామూలే. కత్తులు, తుపాకులు తప్ప మరేమీ లేని చిత్రాల విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. కాని అన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

1991లో రాంగోపాల్ వర్మ తీసిన ‘క్షణ క్షణం’ ఇందుకు ఉదాహరణ. బ్యాంకు దోపిడీ మొదట్లోనే అయిపోతుంది. ముఠాలో ఒకడు సొమ్మంతా దాచేసి తోటివారికి ఎగనామం పెడతాడు. దాని ఆచూకీ తెలిపే చీటీ, ఏ పాపం ఎరుగని సత్య అనే ఉద్యోగిని చేతికి చేరుతుంది. ఇక ఆమె వెంట ఒకవైపు నాయర్ ముఠా, మరోవైపు పోలీసులు. తోడు దొరికిన చందూ కూడా చిల్లర దొంగే! శ్రీదేవి బెదురు చూస్తే మనింటి ఆడపిల్లే అడవిలో చిక్కుకున్నట్లుంటుంది. ఆమెకు ఉత్తమ నటిగా నంది రావడం సబబే. నాయర్‌గా పరేష్ రావల్ నవ్విస్తూనే వణికిస్తాడు. వెంకటేశ్ పేరు చెప్పకపోతే అభిమానులు ఊరుకోరు, ఆయనా బాగానే చేశారు.

ఇటువంటి కథలు హాలీవుడ్‌లో ఎప్పటినుంచో ఉన్నాయి. 1956లో స్టాన్లీ కుబ్రిక్ నలుపు తెలుపుల్లో తీసిన ‘ది కిల్లింగ్’ వాటిలో మేటి. గుర్రప్పందాల మైదానంలో 20 లక్షల డాలర్లు కొట్టేయాలని పథకం. ఎవరు ఏ నిమిషాన ఏం చేయాలో ముందే లెక్క. పోలీసులు పసిగట్టి చెడగొట్టింది కాదు. ముఠాలో కలిసిన క్యాషియర్ భార్య ముందు గొప్పకు పోయి నోరు జారుతాడు, ఆమె ప్రియుడి చెవిన వేస్తుంది. పంపకాల వేళ తుపాకులు పేలతాయి. మిగిలిన నాయకుడు సరిగా తాళం పడని పెట్టెలో సొమ్ము కుక్కి విమానాశ్రయం చేరితే, ఒక కుక్కపిల్ల బండికి అడ్డొస్తుంది. పెట్టె కిందపడి నోట్లన్నీ గాలిపాలు.

మోకిలలో 2023లో హెచ్ఎండీఏ ప్లాట్ల వేలంలో గజం లక్ష దాటింది. ఆనాటినుంచి చుట్టుపక్కల వాటాల ముచ్చట లేని ఇల్లు అరుదు. కలిసి భూమి కొన్నవారు, ఒక తల్లి బిడ్డలు కూడా ఒకరి ఫోను ఒకరు ఎత్తడం లేదు. వీరెవరూ దొంగలు కారు, సొమ్ము కష్టార్జితమే. అయినా పంచాయితీలో ఒకరినొకరు చూసుకునే చూపు ఆ క్యాషియర్ ముఠా చూపే! అందుకే ఈ సినిమాలు పిల్లలకన్నా ముందు పెద్దలే చూడాలంటాను.

‘క్షణ క్షణం’ ఇంటిల్లిపాదీ కూచుని చూడవచ్చు. ‘ది కిల్లింగ్’ ఇంగ్లీషు గనుక కాలేజీ పిల్లవాడినెవరినైనా పక్కన పెట్టుకుంటే మాటలు చెబుతాడు. గంటన్నర కూడా పట్టదు.