నెపం రోగి మీద, విషం వాగులో

ఏటా నవంబరులో యాంటీబయాటిక్ అవగాహన వారం వస్తుంది. డాక్టరు చీటీ లేకుండా మందు కొనకండి, కోర్సు మధ్యలో ఆపకండి అంటూ ఆసుపత్రుల్లో పోస్టర్లు వెలుస్తాయి. అన్నింటి సారం ఒకటే: మందులు పనిచేయకుండా పోతున్నాయంటే ఆ తప్పు మీదే. ఇందులో నిజం సగమే ఉంది. ఆ సగం పూర్తి నిజంగా చలామణి అవుతున్నందువల్లే అసలు బాధ్యులు తప్పించుకుంటున్నారు.

జలుబుకు అజిత్రోమైసిన్ మింగడం తప్పే, కాదనను. కానీ జనం వాడకమే మూలమైతే ఎక్కువ వాడే దేశాలే ఎక్కువ నష్టపోవాలి. 2019లో మన ప్రైవేటు మార్కెట్ అమ్మకాలను లెక్కగడితే వెయ్యి మందికి రోజుకు 10.4 మోతాదులు తేలాయి. యూరప్ సగటు అంతకంటే బాగా ఎక్కువ. అయినా మందులకు లొంగని క్లెబ్సియెల్లా, ఇ.కోలి బ్యాక్టీరియాలు మన ఐసీయూల్లోనే ఎక్కువ. 2018లో పరిశోధకుడు పీటర్ కాలిగ్నన్ బృందం పలు దేశాలను పోల్చి చూసింది. బ్యాక్టీరియా మందులకు లొంగకపోవడంతో, అంటే నిరోధకతతో, గట్టి సంబంధం కనిపించింది మందుల వాడకానికి కాదు, మౌలిక వసతులకూ పాలన తీరుకూ. ఎందుకంటే ఒకరి పేగులో పుట్టిన మొండి బ్యాక్టీరియా మురుగునీటి ద్వారా, కడగని చేతుల ద్వారా, ఆసుపత్రి మంచాల మీదుగా మరొకరికి చేరుతుంది. కార్బపెనెమ్ రకం యాంటీబయాటిక్‌లను వమ్ము చేసే ఎన్‌డీఎం-1 జన్యువు ఢిల్లీ కుళాయి నీటిలోనే దొరికిందని 2011లో పరిశోధకులు వెల్లడించారు. కుళాయి తిప్పినవాడు ఏ కోర్సు మధ్యలో ఆపాడని?

ఇక హైదరాబాద్ పక్కనే ఉన్న మన పటాన్‌చెరు సంగతి. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అదీ శుద్ధి అయ్యాక. అలాంటి నీటిలో బతికేది మందును తట్టుకున్న బ్యాక్టీరియానే. కంపెనీల వ్యర్థాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులే లేవు. రోగికి నీతులు చెప్పే వ్యవస్థ కంపెనీకి ఒక అంకె కూడా విధించలేకపోయింది.

చీటీ లేకుండా కొనకూడదట. చీటీ రాసే డాక్టరు దొరకని ఊళ్లో జ్వరమొచ్చిన కూలీ ఆర్‌ఎంపీ దగ్గరికి కాక ఎక్కడికి వెళ్లాలి? ఒక పూట ఆగితే ఆ పూట కూలి పోతుంది. డాక్టరు ఉన్నచోట కూడా బ్లడ్ కల్చర్ చేసే ల్యాబ్ లేకపోతే ఆయన రాసేదీ ఊహ మీద ఆధారపడిన మందే. ఈ లోటు పూడ్చకుండా మందుల షాపులపై దాడులు చేస్తే పేదవాడికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

2019లో మన దేశంలో దాదాపు 3 లక్షల మరణాలకు ఈ మొండి ఇన్‌ఫెక్షన్లే నేరుగా కారణమని అంచనా. నవజాత శిశువుల సెప్సిస్ చికిత్స, సిజేరియన్ కోతలు, కీమోథెరపీ, అన్నీ యాంటీబయాటిక్‌ల మీదే ఆధారపడి ఉన్నాయి. కొత్త మందు వస్తుందిలే అని కూర్చోలేం. దాన్నీ ఇలాగే మురుగులోకి వదిలితే దానికీ ఇదే గతి.

అందుకే అడగాల్సినవి వేరే. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు చట్టబద్ధమైన పరిమితి పెట్టాలి, కొలిచిన అంకెలు ప్రజల ముందుంచాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో కల్చర్ ల్యాబ్ ఉండాలి. ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్ల లెక్క ప్రతి ఆసుపత్రీ బయటపెట్టాలి. మురుగు కలవని తాగునీరు అందాలి. ఇవి చేశాక రోగికి చెప్పండి, కోర్సు పూర్తి చేయమని. అప్పుడు ఆ మాట చెప్పే హక్కు మీకుంటుంది.