ఇత్తడికి కఱవు వచ్చినదా?

సైబరాబాదునం దొక వింతమోజు తలయెత్తినది. హైటెక్ సిటీ, మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములందలి కొలువుకాండ్రలో కొందరు వినోదార్థము చేతిపనులకు దిగి, సేనలు ప్రేల్చి విడిచిన తూటాల ఖాళీ గుల్లలను వెదకి తెచ్చి, కలములకు తొడుగులుగను, తాళపుచెవులకు గొలుసుబిళ్ళలుగను మలచుకొనుచున్నారు. దినమంతయు కంప్యూటరు ముందు కూర్చుండువారు సాయంకాలమున చేతితో నొక వస్తువును చేయగోరుట మెచ్చదగినదే. చేతిపనిని జాతీయధర్మముగా బోధించిన యుద్యమమున పనిచేయువారము మేము. దాని నెట్లు నిందింతుము? మేమడుగున దొక్కటే: ఆ గుల్ల యెక్కడనుండి వచ్చినది?

కాల్పుల అభ్యాసము ముగిసిన పిదప ఖాళీ గుల్లలను ఏరి లెక్క యొప్పగించుట సేనలోని యాచారము. ఇచ్చిన తూటాలెన్ని, కాల్చినవెన్ని, మిగిలినవెన్ని యను లెక్కకు గుల్లయే సాక్షి. కావున సంతలో సైనికుల గుల్ల యొకటి కనబడినచో నది ప్రభుత్వము వేలమువేసిన తుక్కునుండి యైనను వచ్చియుండవలెను, కాల్పుల మైదానమున నెవడో చాటుగా నేరినదైనను కావలెను. మొదటిదానికి రసీదు ఉండును. రెండవదానికి ధర మాత్రమే యుండును. రసీదు అడుగని కొనుగోలుదారుడు దొంగసొత్తును కొనుటకు సిద్ధపడినవాడే యగును. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలోని 317వ సెక్షను అట్టివానిని గూర్చియే పలుకుచున్నది.

మైదానమున నేరువా డెవడు? గచ్చిబౌలి మేడలలో నివసించువాడు కాడు. పూట గడవని పల్లెవాడు. తుక్కు తూకమున నాలుగు రూకలు వచ్చునని యాశించువాడు. వాని కాలిక్రింద ఖాళీ గుల్లయే యుండునో, ప్రేలక మిగిలిన గుండే యుండునో చెప్పగలవా రెవరు? 2018 నవంబరు 20న వార్ధా జిల్లా పుల్గాము చెంత కాలము చెల్లిన మందుగుండును నాశనము చేయుచుండగా ప్రేలుడు సంభవించి ఆరుగురు మరణించిరి. అందు కూలిపనికి వచ్చినవారును గలరు. అధికారుల సమక్షమున జరుగు పనియందే యింత ప్రమాదమున్నప్పుడు, చీకటిలో చేతులతో తడవి యేరువాని గతి యేమి? మన బల్లమీది యలంకారమునకు వాని చేతివ్రేళ్ళు వెల కారాదు.

చట్టము మాట చూతము. 1878 నాటి ఆయుధచట్టము పరాయిదొరలు ఒక జాతిని నిరాయుధము గావించుటకు చేసినది. దానిని మన నాయకు లెల్లరు ఖండించిరి. నేటి 1959 చట్టమన్ననో మన పార్లమెంటు చేసినది. ప్రజల ప్రాణరక్షణకై యేర్పడినది. తూటాయనిన దాని భాగములు సయితమని యందు స్పష్టముగా నున్నది. అయినను 45వ సెక్షనులో నొక మినహాయింపు గలదు: చిన్నభాగములను, వాని కనుబంధములైన యితర భాగములతో గూర్చి వాడు నుద్దేశము లేక, ఉంచుకొనినయెడల నేరము గాదు. దీనిని చూపి కొందరు 'ఇక భయమేల?' యందురు. అయ్యా, మినహాయింపు న్యాయస్థానమున మీకు రక్షణ యగునేమో. శంషాబాదు విమానాశ్రయమున సంచి సోదాచేయు భద్రతాభటుని యెదుట మీ ప్రయాణమును నిలుపలేదు. ఉద్దేశము మనస్సులో నుండును, గుల్ల సంచిలో నుండును. ముందు కనబడునది గుల్లయే.

'ప్రేలిపోయినదానికి ప్రమాదమేమి?' యని మఱికొంద రడుగుదురు. చూచినంతమాత్రమున ప్రతిగుల్లయు ప్రేలినదే యని నమ్మరాదు. అడుగున నమర్చిన నిప్పుబిళ్ళ ప్రేలక మిగిలియుండిన, కాచునప్పుడో తొలుచునప్పుడో అది చేతిలోనే ప్రేలగలదు. ప్రేలినదానియందును సీసపు మసి మిగులును. ఆకురాయి పట్టినపుడు లేచు ధూళితో నది యూపిరితిత్తులకు జేరును. పసిబిడ్డలున్న యింట నీ ధూళి యెంత కీడో వైద్యుల నడుగుడు.

1914-18 మహాయుద్ధమున సైనికులు ఫిరంగిగుండ్ల గుల్లలతో పూలకుండలు చేసిరని, అవి నేడును పాశ్చాత్యుల ప్రదర్శనశాలల నలంకరించుచున్నవని చెప్పుదురు. నిజమే. మృత్యువు నెదుట చూచినవాడు దాని పనిముట్టును పూలపాత్రగా మార్చుటలో నొక యర్థమున్నది. చల్లని గదిలో గూర్చుండి వెలపెట్టి కొన్నవాని కా యర్థము సంక్రమించునా? 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో 1,650 తూటాలు ప్రేలినట్లు లెక్క తేలినది. ఖాళీ తూటా మనదేశమున నెన్నడును వట్టి యలంకారము కాలేదు.

ఇంతకును ఆ గుల్ల యే లోహము? నూటికి సుమారు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగము కలిసిన ఇత్తడి. ఇత్తడికై ఫిరంగుల మైదానమునకు పోవలెనా? జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడిరేకుపై సుత్తితో రూపముల నెత్తు విశ్వకర్మలున్నారు. శ్రీకాకుళము జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పాత్రలు చేయువారున్నారు. 1998లో వెలసిన సైబర్ టవర్సుకు కూతవేటు దూరముననే శిల్పారామ మున్నది. వారి కడకు పోయి సుత్తి పట్టుట నేర్చుకొనిన యువకుడెవడు? ఇంటికూర కంటె పొరుగింటి పుల్లకూర రుచి యన్న సామెత మనకొఱకే పుట్టినది కాబోలు!

కేవలము నిషేధము కోరువారము గాము మేము. నిషేధము బీదవానిని బంధించును, దళారిని వదలును. రక్షణశాఖ తన తుక్కును సంస్థలద్వారా పెద్దమొత్తముల వేలము వేయుచున్నది. దానిని చేతిపనివాడు కొనలేడు. ప్రభుత్వ హస్తకళా సంస్థయే దానిని కొని, నిప్పుబిళ్ళ తీసివేసి, మరల తూటాగా పనికిరాకుండ గుల్లను కోసి, ధ్రువపత్రముతో పెంబర్తి, బుడితి పనివారలకు సరసమైన ధర కీయవచ్చును. అపుడు లెక్కయు నిలుచును, కళయు నిలుచును, పల్లెవాని ప్రాణమును నిలుచును. దీనిని గూర్చి ప్రభుత్వమునకు విన్నపములు పంపుడని పఠనమందిరముల సభ్యులను కోరుచున్నాము.

అంతవరకు యువకులారా! రసీదు లేని గుల్లను ముట్టకుడు. మీ కలమునకు ఇత్తడి కావలసిన పెంబర్తికి పొండు. అచ్చట దొరకు నిత్తడిపై సుత్తిదెబ్బలే యుండును గాని నెత్తురుమరక యుండదు.