ఏటీఎం పెడితే నెలకు 45 వేలు నిజంగా వస్తాయా? లెక్క ఇదీ

‘మీకు 80 చదరపు అడుగుల స్థలం ఉందా? 5 లక్షలు పెట్టండి, ఇంట్లో కూర్చుని నెలకు 45 వేలు సంపాదించండి.’ ఇలాంటి ప్రకటన మీ ఫోన్‌కు కూడా వచ్చే ఉంటుంది. పక్కనే ఏదో పెద్ద బ్యాంకు లోగో కూడా కనిపిస్తుంది. మెయిన్ రోడ్డు మీద ఖాళీ షట్టర్ ఉన్నవాళ్లకు, రిటైరయ్యాక వచ్చిన డబ్బు చేతిలో ఉన్నవాళ్లకు ఇది ఆశ పుట్టించే మాటే. మరి ఆ 45 వేలు ఎక్కడి నుంచి వస్తాయి?

ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. మన దేశంలో మీరు సొంతంగా ఏటీఎం మెషీన్ కొని నడపడం కుదరదు. అమెరికాలో చిన్న కొట్టు యజమాని కూడా మెషీన్ కొని, డబ్బు తీసేవాళ్ల నుంచి ఫీజు వసూలు చేసుకోవచ్చు. ఇక్కడ మాత్రం బ్యాంకులకు, రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన ‘వైట్ లేబుల్’ సంస్థలకే ఆ అవకాశం. వీటికి 2012లో ఆర్బీఐ మార్గదర్శకాలు ఇచ్చింది. కనీసం 100 కోట్ల నెట్‌వర్త్ ఉండాలన్నది షరతు. ఇండియా1, హిటాచీ, వక్రాంగీ లాంటి పేర్లతో మీరు చూసే ఏటీఎంలు ఈ కోవలోవే. మీకు దొరికేది వాళ్ల ఫ్రాంచైజీ మాత్రమే. మెషీన్ కంపెనీదే. స్థలం, కరెంటు, అందులో పెట్టే క్యాష్ మీవి.

ఆదాయం లావాదేవీల లెక్కన వస్తుంది. ఒక బ్యాంకు కార్డుతో వేరే ఏటీఎంలో డబ్బు తీస్తే, కార్డు ఇచ్చిన బ్యాంకు ఆ ఏటీఎం నడిపేవాళ్లకు ఇంటర్‌చేంజ్ ఫీజు చెల్లిస్తుంది. 2025 మే 1 నుంచి క్యాష్ తీస్తే ఇది 19 రూపాయలు, బ్యాలెన్స్ చూసుకోవడం లాంటివాటికి 7 రూపాయలు. అంతకుముందు 17, 6 ఉండేవి. ఈ మొత్తం మీకు రాదు. మెషీన్, సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్, రిపేర్లు, కంపెనీ లాభం అన్నీ పోను మిగిలిందే మీ వాటా. ప్రకటనల్లో ఎక్కువగా తిరుగుతున్న లెక్క ఏమిటంటే క్యాష్ తీస్తే 8 రూపాయలు, మిగతావాటికి 2 రూపాయలు. పెట్టుబడిలో 2 లక్షలు తిరిగి ఇచ్చే డిపాజిట్, 3 లక్షలు మెషీన్‌లో తిరిగే క్యాష్.

రోజుకు 250 లావాదేవీలు, వాటిలో 65 శాతం క్యాష్ తీసేవి అనుకుంటే రోజుకు 1,475 రూపాయలు, నెలకు 44,250 వస్తాయి. ప్రకటనలోని 45 వేలు ఇదే. గుణకారంలో తప్పు లేదు. తప్పంతా ఆ 250 దగ్గరే ఉంది.

250లో 65 శాతమంటే దాదాపు 162 మంది డబ్బు తీస్తారు. ఒక్కొక్కరు సగటున 2,000 తీసుకున్నా రోజుకు 3 లక్షల 24 వేలు కావాలి. మీరు పెట్టింది 3 లక్షలే. అంటే సాయంత్రానికే మెషీన్ ఖాళీ! తీసిన డబ్బు సెటిల్‌మెంట్ అయి మీ ఖాతాలో పడాలి, మీరు బ్యాంకుకు వెళ్లి అంత నోట్లు తెచ్చుకోవాలి, మళ్లీ లోడ్ చేయాలి. ఆదివారాలు, రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. పైగా కనీసం ఒక క్యాసెట్ నుంచి 100 లేదా 200 నోట్లు వచ్చేలా చూడాలని ఆర్బీఐ చెప్పింది కాబట్టి అన్నీ 500 నోట్లతో సరిపెట్టడమూ కష్టమే. ‘ఇంట్లో కూర్చుని’ అన్నమాట ఇక్కడే తేలిపోతుంది. నిజంగా 250 రావాలంటే 3 లక్షలు కాదు, ఇంకా చాలా పెట్టుబడి తిరగాలి.

రోజూ అంత డ్రా చేస్తే 34 రోజుల్లోపే కోటి దాటుతుంది. ఏడాదిలో కోటికి మించి నగదు తీస్తే బ్యాంకు 2 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. వైట్ లేబుల్ ఫ్రాంచైజీలకు మినహాయింపు ఉన్నా, ఏటీఎం క్యాష్ కోసమే వేరుగా ఖాతా నడపాలి, కంపెనీ ప్రతి నెలా బ్యాంకుకు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ సంగతి ప్రకటనల్లో నాకైతే ఎక్కడా కనిపించలేదు.

ఇప్పుడు రోజుకు 80 లావాదేవీలు వచ్చే ఏటీఎం అనుకుందాం. అదే 65 శాతం లెక్కన నెలకు 14,160 రూపాయలు. ఏసీ, మెషీన్, లైట్లు కలిపి రోజుకు 15 యూనిట్లు కాలితే, కమర్షియల్ కనెక్షన్‌లో యూనిట్ 10 రూపాయల చొప్పున 4,500. ఐదు లక్షలు 12 శాతం వడ్డీకి తెచ్చి ఉంటే మరో 5,000. మిగిలేది 4,660. ఇందులో షట్టర్ అద్దె లేదు, మీ శ్రమకు కూలి లేదు. సొంత షట్టరే కదా అంటారా? దాన్ని టీ కొట్టుకో మొబైల్ షాపుకో ఇస్తే ఎంత అద్దె వస్తుందో అదీ మీ ఖర్చే.

మరి 80 వస్తాయా, 250 వస్తాయా? అది చోటును బట్టి ఉంటుంది. వైట్ లేబుల్ ఏటీఎం ఏ బ్యాంకు ఖాతాదారుకైనా ‘ఇతర బ్యాంకు’ ఏటీఎమ్మే. హైదరాబాద్ మెట్రో నగరాల జాబితాలో ఉంది కాబట్టి అక్కడ నెలకు మూడే ఉచితం. వరంగల్, విజయవాడ లాంటి చోట్ల ఐదు. పరిమితి దాటితే లావాదేవీకి 23 రూపాయల వరకు ఛార్జీ పడుతుంది కాబట్టి జనం సొంత బ్యాంకు ఏటీఎం వెతుక్కుంటారు. నగరంలో టిఫిన్ బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంది. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలోనే 2,000 కోట్లు దాటాయి. నా అంచనా అడిగితే, హైదరాబాద్ కాలనీ రోడ్డు కన్నా, చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చే మండల కేంద్రంలోని బస్టాండు దగ్గరే ఈ వ్యాపారానికి ఇంకా జీవం ఉంది.

అయినా చేద్దామనుకుంటే ఒప్పందంలో కొన్ని చూసుకోండి. ఇంటర్‌చేంజ్ 17 నుంచి 19కి పెరిగాక మీ వాటా ఎంత పెంచారు? నెలలో 10 గంటలకు మించి క్యాష్ లేకుండా ఉంటే ఏటీఎంకు 10 వేల జరిమానా అనే ఆర్బీఐ నిబంధన ఉంది. అది క్యాష్ సమకూర్చే బ్యాంకుపై పడుతుంది, బ్యాంకు దాన్ని వైట్ లేబుల్ సంస్థ నుంచి రాబట్టుకోవచ్చు. అది చివరికి మీ మీదికి వస్తుందా? మెషీన్ పగలగొట్టి క్యాష్ ఎత్తుకెళ్తే ఇన్సూరెన్స్ ఎవరి పేరున? డిపాజిట్ ఎన్నేళ్లకు, ఏ కోతలతో తిరిగి ఇస్తారు?

ఇక అసలు కంపెనీయే లేని ప్రకటనలు వేరే రకం. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత ఎన్‌ఓసీ ఫీజు, ఆ తర్వాత మెషీన్ రవాణా ఛార్జీ అంటూ వ్యక్తి పేరున ఉన్న ఖాతాకు పంపమంటారు. అనుమతి ఉన్న వైట్ లేబుల్ సంస్థల జాబితా ఆర్బీఐ వెబ్‌సైట్‌లో ఉంది, ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. ఆ పేర్లలో లేనివాళ్లకు రూపాయి కూడా పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.