అక్కడ చూడ్డానికేముంది?

పది రోజుల నుంచీ మా ఇంట్లో ఇదే ప్రశ్న. పొద్దున కాఫీ దగ్గర మావారు, సాయంత్రం ఫోన్లో మా ఆడపడుచు, రాత్రి వీడియో కాల్లో మా అమ్మాయి. "అక్కడ చూడ్డానికేముంది?"

మా అమ్మాయి మిలాన్‌లో చదువుతోంది. సెప్టెంబర్లో మేమిద్దరం వెళ్తున్నాం. పది రోజులు. మావారు ఎక్సెల్ షీటు తయారుచేశారు. రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, మధ్యలో ఒక పూట షాపింగ్ కూడా. "నీకేం కావాలో చెప్పు" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మాటకి నా జవాబు ఎప్పుడూ "మీ ఇష్టం". ఈసారి మాత్రం చెప్పాను. చివితా ది బాన్యోరేజో. ఒక్క రాత్రి.

అంతే, గొడవ మొదలైంది.

రోమ్‌కి ఉత్తరాన, లాజియో ప్రాంతంలో ఉంది ఈ చిన్న ఊరు. రెండువేల అయిదువందల ఏళ్ళ కిందట ఎట్రుస్కన్లు కట్టుకున్నారట. లోయ మధ్యలో ఒంటరి గుట్ట, దాని నెత్తిన ఊరు. పైన అగ్నిపర్వతపు రాయి, కింద మెత్తటి బంకమన్ను. వానకీ గాలికీ ఆ మన్ను కరిగిపోతుంటే అంచున ఉన్న ఇళ్ళు ఒక్కొక్కటే లోయలోకి జారిపోయాయి. 1695లో భూకంపం వచ్చాక చాలామంది పక్కనున్న బాన్యోరేజోకి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఏడాది పొడవునా అక్కడే ఉండేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఊళ్ళోకి పోవాలంటే ఒకటే దారి, మనుషులు నడిచే పొడవాటి వంతెన. ఇటలీ వాళ్ళే దీన్ని 'చచ్చిపోతున్న ఊరు' అంటారు.

ఇక వీళ్ళ అభ్యంతరాలకి వద్దాం.

మావారిది లెక్క. "రోమ్ నుంచి ఓర్వియేతోకి ట్రైన్, అక్కడ్నుంచి బాన్యోరేజోకి బస్సు, ఆపైన నడక. ఆదివారం బస్సే లేదు. ఒకటిన్నర రోజు పోతుంది. ఆ టైములో రెండు ఊళ్ళు చూసెయ్యచ్చు." చూసెయ్యచ్చు! ఈ 'ఎయ్యడం' దగ్గరే నాకు మండుతుంది. అంట్లు తోమెయ్యడం, బట్టలు ఆరేసెయ్యడం లాంటి పనా ఊరు చూడడం? పోయినసారి ఉత్తరాది యాత్రలో ఆరు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు 'చూసేశాం'. నాకు గుర్తున్నవి బస్సు సీటూ, బాత్రూమ్ కోసం వెతుకులాటా. పీసాలో గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫోటో దిగడానికి మాత్రం ఒక పూట పోయినా ఫరవాలేదట. దాన్నెవరూ దండగ అనరు. అది షీటులో ముందే ఉంది కదా!

మా అమ్మాయిది ప్రేమ. "అమ్మా, ఆ వంతెన చివర బాగా ఎత్తుంటుంది. నీ మోకాళ్ళు..." నా మోకాళ్ళు వెనిస్‌లో మెట్ల వంతెనలు ఎక్కగలవు, ఫ్లోరెన్స్ మ్యూజియంలో మూడు గంటలు నిలబడగలవు, నేనడిగిన చోటికి మాత్రం నడవలేవు! అమ్మ ఒంటి మీద బెంగ కూడా వాళ్ళకి వీలైన చోటే పుడుతుంది కాబోలు. మూడు వందల మీటర్ల వంతెన. నాలుగుసార్లు ఆగుతాను. తరుముకొచ్చేది ఎవరు? పెట్టె కింద వదిలేసి, ఒక జత బట్టలు చేతిసంచీలో పెట్టుకుంటాను.

మా ఆడపడుచు మాట మాత్రం గుచ్చుకుంది. "వదినా, మన ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలే. అక్కడికి నాలుగేళ్ళయి వెళ్ళలేదు. ఇటలీలో చచ్చిపోతున్న ఊరు చూడ్డానికి లక్షలు పోసి వెళ్తావా?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజమే అంది. అత్తగారు పోయాక ఆ ఇంటి తాళం చెవి మా బీరువాలోనే ఉంది. కానీ ఆ మాట అన్నది నన్నొక్కదాన్నేనా? తాళం వేసినవాళ్ళం అందరం. వెనిస్ వెళ్తున్నామంటే ఈ ప్రశ్న రాలేదు. నేను కోరుకున్న ఊరి దగ్గరకొచ్చేసరికి అందరికీ సొంతూరు గుర్తొచ్చింది.

వాళ్ళెవరూ అడగని ప్రశ్న ఒకటుంది, నన్ను నేనే వేసుకున్నాను. పదిమంది బతుకుతున్న చోటికి తిరణాలకి పోయినట్టు పోవడం న్యాయమేనా? గుమ్మంలో కూర్చున్న ముసలమ్మని ఫోటో తియ్యడం? ఆ ఊరికి 2013లో ప్రవేశ టికెట్ పెట్టారు. ఒకటిన్నర యూరోతో మొదలై అయిదు యూరోలకి చేరింది. ఊరికి టికెట్టేమిటి, జూ పార్కా అని మొదట నాకూ అనిపించింది. కానీ అంచులు జారిపోయే ఊరిని నిలబెట్టుకోవడానికి డబ్బు కావాలి. వచ్చేవాళ్ళంతా ఊరికే వచ్చి, ఊరికే తొక్కిపోతే ఎవరు భరిస్తారు? అందుకే రెండు గంటల్లో తిరిగి ఫోటోలు పట్టుకుని దిగిపోయే పనైతే నేనూ వద్దంటాను. ఒక రాత్రి ఉండాలి. వాళ్ళ గది అద్దెకి తీసుకోవాలి, వాళ్ళ రొట్టే ఆలివ్ నూనే తినాలి. పగటి జనం దిగిపోయాక ఆ చిన్న చర్చి ముందు మట్టి చౌకులో కాసేపు మాట్లాడకుండా కూర్చోవాలి. చూడ్డానికేముందంటే, అదుంది. అది చాలకపోతే ఆ ఊరికి వెళ్ళొద్దు, నిజంగానే దండగ.

అమ్మలూ అక్కలూ, మిమ్మల్ని ఇటలీ వెళ్ళమని కాదు నా పోరు. మీ ఇంట్లో ఎవరైనా "నీకేం కావాలి" అని అడిగితే, వాళ్ళు నోట్లో పెట్టిన జవాబు చెప్పకండి. అడిగాక "అక్కడేముంది" అంటే సంజాయిషీలు కూడా ఇవ్వకండి. మనం వాళ్ళని పీసాలో ఏముందని అడిగామా?

నిన్న రాత్రి మావారి షీటులో నేనే కూర్చుని రెండు వరుసలు చేర్చాను. మొదటిది, బుధవారం, చివితా, ఒక రాత్రి. రెండోది తిరిగొచ్చాక. మా అత్తవారి ఊరు, మూడు రాత్రులు. ఆడపడుచుకి ఫోన్ చేసి, "నువ్వూ వస్తున్నావు, చీపురు తెచ్చుకో" అన్నాను.

ఇంకా జవాబు రాలేదు.