మార్లవాయి గుడిసె

ఈ వారము మా జమ్మికుంటలో ఇంటింటికిని పంచిన యొక కరపత్రము నా మనస్సును మిక్కిలి నొప్పించినది. ఆదిలాబాదు వర్షారణ్యములలో కుటీరములు నిర్మించితిమనియు, పట్టణజీవనమున అలసినవారు కుటుంబసమేతముగా వచ్చి ఆదిమజీవనమాధుర్యము చవిచూడవచ్చుననియు అందలి సారాంశము.

ఆదిలాబాదు అడవి వర్షారణ్యము కాదు. ఏటికి 7,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియు కర్ణాటకములోని ఆగుంబె వర్షారణ్యసీమ. వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వానతో బ్రదుకు మనది టేకు అడవి. ఎండలు ముదిరిన కొలది ఆకంతయు రాల్చి, ఆ మోడుల నడుమ ఫాల్గుణమున మోదుగపూలతో ఎర్రబారి, చైత్రమున నేలపై ఇప్పపూవు పరచు ఈ యడవి సౌందర్యమును ఉన్నదున్నట్లు చెప్పక, పరాయి అడవి పేరు తెచ్చి దీనికి తగిలించుట అవమానకరమని నా నిశ్చితాభిప్రాయము.

అట్టి కుటీరమొకదానిలో నేనును బస చేసియుంటిని. గోడలు సిమెంటువి, వానిపై వెదురుబొంగుల రంగు పూసియుండిరి. కిటికీ తెరచుకొనదు; రాత్రి యెల్ల ఏసీ హోరు. అడవి నడుమ పరుండియు అడవి చప్పుడు వినజాలకపోతిని.

అడవిలో కుటీరవాసమన్నప్పుడెల్ల నాకు స్ఫురించునది జైనూరు మండలములోని మార్లవాయి. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము నిజాము బలగముల తుపాకులకు బలియైన పిదప, గోండులు ఏల తిరుగబడిరో తెలిసికొన నియోగింపబడిన వియన్నా మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్, భార్య బెట్టీ ఎలిజబెత్తుతో గూడ ఆ యూరు చేరి, గోండుల యిండ్లవంటి గుడిసెలోనే కాపురముండి, వారి భాష నేర్చి, వారి భూములు షావుకార్ల పాలైన తీరును, అటవీ సిబ్బంది పెట్టు బాధలను ప్రభుత్వమునకు నివేదించెను. 1943లో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణ కేంద్రము అచటనే ఆరంభమైనది. అనేక కుటుంబములకు భూమిపట్టాలు దక్కినవి. 1987లో బెట్టీ హైదరాబాదులో కన్నుమూయగా సమాధి మార్లవాయిలోనే వెలసినది. 1995లో గతించిన భర్త అస్థికలును తరువాత అచటికే చేరినవి. ఏటేట జనవరి 11న ఊరివారు ఆ దంపతులను స్మరింతురు. అడవిలో అతిథిగా నుండుట యెట్లో తెలిసికొనగోరువాడు ఆ సమాధుల చెంత నిలువవలెను.

ఆ యడవులలోనే కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైనది. సుమారు 893 చదరపు కిలోమీటర్ల నడిమి భాగములోని పల్లెలు తరలవలెనని చెప్పుచున్నారు. రాంపూర్, మైసంపేటల వారిని ఇప్పటికే తరలించిరి. పులి బ్రదుకవలయును, అందులో సందేహము లేదు. కాని 2006 నాటి అటవీహక్కుల చట్టము వెదురును గిరిజనులు సేకరించుకొనదగిన అటవీఫలసాయముగా అంగీకరించిన తరువాత కూడ, ఇంటికప్పునకు నాలుగు బొంగులు తెచ్చుకొను గోండు భయపడుచు తేవలసియుండగా, కుటీరమను పేర వ్యాపారము నిర్భయముగా సాగుట న్యాయమా?

వెదురింటికి తక్కిన ఊళ్లలోను తావు లేకపోవుచున్నది. వెదురు తడికెలకు మట్టి మెత్తి, పేడతో అలికి, పైన గూనపెంకులు కప్పిన యిండ్లు మా జమ్మికుంట చుట్టుపట్ల పల్లెలలో నా చిన్ననాట ఎన్ని యుండెడివి! వైశాఖపు మధ్యాహ్నమున వాని వసారాలో చాప పరచుకొని నిద్రించినవారికి ఆ చల్లదనము తెలియును. నేడవి కూల్చి స్లాబు వేయుచున్నారు. పగలెల్ల కాగిన ఆ స్లాబు రాత్రి యెల్ల వేడిని దింపుచుండ, పసిపిల్లలు, వృద్ధులు నిదురలేక పొరలుచున్నారు. పెంకులు చేసిన కుమ్మరులు వేరు కూలిపనులకు పోయిరి. ప్రభుత్వమును ఈ మార్పునే ప్రోత్సహించుచున్నది. ఇందిరమ్మ ఇండ్ల పథకమున ఇచ్చు 5 లక్షల రూపాయలలో ఒక విడత స్లాబు పడిన పిదపనే చేతికందును. గోండు తన తాతలనాటి యిల్లు తాను కట్టుకొందునన్నచో ఆ విడత రాదు. ఆ యింటి బొమ్మను సిమెంటుపై రంగుతో గీసి అద్దెకిచ్చువానికి మాత్రము అడ్డు లేదు.

గృహనిర్మాణశాఖవారికి నా మనవి యొక్కటే: మట్టిగోడకును, వెదురునకును, పెంకుటికప్పునకును గూడ ఆ విడత సొమ్ము మంజూరు చేయుడు, తొలుత ఉట్నూరు, జైనూరు మండలములలో చేసి చూడుడు.