కొయ్యబండి పందెము

బిడ్డకు ఒక వస్తువును చేసి యిచ్చుట సులభము. చేయుట నేర్పుట కష్టము. ఈ రెంటికిని గల భేదమును అమెరికా దేశమందలి ఒక పిల్లల పందెము చక్కగా తెలుపుచున్నది.

కాలిఫోర్నియా రాష్ట్రమున మాన్‌హాటన్ బీచ్ అను పట్టణము కలదు. అచ్చట డాన్ మర్ఫీ అనునతడు కబ్ స్కౌటు బాలుర దళమునకు నాయకుడుగా నుండెను. పిల్లలు తామే కూర్చుండి నడపెడి సోప్‌బాక్స్ బండ్ల పందెమునకు అతని కుమారుని వయస్సు చాలలేదు. అందుచే మర్ఫీ, తండ్రియు కొడుకును కలసి చేయదగిన చిన్న కొయ్యబండ్ల పందెమును కల్పించెను. మొదటి పందెము 1953 మే 15వ తేదీన జరిగెను. దానికి పైన్‌వుడ్ డెర్బీ అని పేరు. 2018 నుండి కబ్ స్కౌటులలో బాలికలకును ప్రవేశము లభించినది.

ఈ బండిని పైన్ కొయ్యదిమ్మతో చెక్కుదురు. నాలుగు చక్రములు, ఇరుసులు మేకులే. యంత్రము లేదు, వాలుబాటపై తన బరువుచేతనే అది పరుగెత్తును. ఆ బరువు సాధారణముగా 5 ఔన్సులు, అనగా సుమారు 142 గ్రాములు మించరాదు. కావున గెలుపు పనితనమున నున్నది. ఇరుసులను నునుపు చేసి గ్రాఫైటు పొడి రాచినచో ఘర్షణ తగ్గును. చక్రము వంకరగా నున్నచో బండి బాట యంచును ఒరసికొని వేగము కోల్పోవును.

చిక్కంతయు ఇచ్చటనే. గెలుపుపై ఆశ పుట్టిన తండ్రి పనిముట్లన్నియు తానే పుచ్చుకొనును. కొడుకు ప్రక్కన నిలిచి చూచును. బండి గెలుచును; చప్పట్లు మ్రోగును. “దీని నెట్లు చేసితివి?” అని తోడి బాలుడు అడిగినప్పుడు మాత్రము వాడు తల వంచుకొనును. బహుమానము చేత నున్నను అది తనది కాదని వానికి తెలియును.

“రంపము పదునైనది; పసివాని వ్రేలు తెగదా?” అని కొందరందురు. నిజమే, కోత పెద్దలే కోయవలెను. కాని కాగితముపై రూపము గీయుట, ఉప్పుకాగితముతో రుద్దుట, రంగు పూయుట పిల్లల పనులు. “అట్టి బండి ఓడిపోవును గదా!” యందురా? ఓడనిండు. ఏ చక్రము ఒరసికొనెనో కనుగొన్న బాలుడు మరుసటి యేడు దానిని సరిచేసికొనును. తండ్రి చేసిన బండితో గెలిచినవాడు సరిచేయుటకేమి యెరుగును?

బాలలారా, పెద్దలు సాయమునకు వచ్చినప్పుడు సంతోషముతో స్వీకరింపుడు. ఉప్పుకాగితమును మాత్రము చేయి విడువకుడు.