కారణం కనుక్కోవడానికీ కూలి ఇవ్వాలి

సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. బ్రేకు మీద డ్రైవరు కాలు తేలిగ్గా ఆనించి ఉంచాడు. ఉన్నట్టుండి పెడల్ మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. కారు జానెడు ముందుకు కదిలింది. రెండుసార్లు పంపు కొట్టగానే పెడల్ మళ్లీ పైకొచ్చింది, గ్రీన్ లైటు పడింది. ఆ సంగతి అంతటితో మరుగున పడిపోయింది.

వారం తర్వాత గ్యారేజీలో "అన్నా, బ్రేకు కిందికి పోతోంది" అనగానే అలవాటైన వరస మొదలవుతుంది. ముందు బ్రేక్ ఆయిల్ పోస్తారు. తగ్గకపోతే ఎయిర్ తీస్తారు. అప్పటికీ దారికి రాకపోతే ప్యాడ్లు, వీల్ సిలిండర్లు, ఆఖరికి మాస్టర్ సిలిండర్. ప్రతి మెట్టుకూ ఓ బిల్లు. ఇందులో తప్పంతా మెకానిక్‌దే అనడం అన్యాయం. రక్తపరీక్షకు నోరెత్తకుండా డబ్బు కట్టే మనిషే, గ్యారేజీలో అరగంట పరీక్షించి ఫలానాది పోయిందని చెబితే "చూసినందుకే డబ్బులా?" అంటాడు. సామాను మార్చితేనే కూలి గిట్టుతుందన్నప్పుడు సామాను మార్చకుండా ఎవరుంటారు?

నిజానికి ఈ జబ్బు కారణం పట్టుకోవడం అంత కష్టం కాదు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ద్రవాన్ని పైపుల్లోకి తోస్తుంది. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు కాబట్టి ఆ ఒత్తిడి నేరుగా చక్రాలకు చేరుతుంది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారు నాలుగు చక్రాలకూ ఇలాంటి బ్రేకులతో వచ్చింది. సూత్రం నేటికీ అదే. పెడల్ దిగిపోతోందంటే ద్రవం బయటికైనా కారుతుండాలి, సిలిండర్ లోపలే వెనక్కైనా జారుతుండాలి. అదీ కాదంటే, దాంట్లో గాలో ఆవిరో చేరి ఉండాలి.

ఏది ఏదో కాలే చెబుతుంది. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కితే బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి పెడల్ బిగుసుకుంటుంది. అప్పుడు ఒకే బలంతో నిమిషం పాటు తొక్కిపట్టాలి. మెత్తగా, స్ప్రింగులా తగిలితే గాలి ఉన్నట్టు. పంపు కొట్టాక ఎత్తు పెరిగి అక్కడే నిలబడితే గాలి కావచ్చు, లేదా వెనక డ్రమ్ముల్లో లైనర్ల సర్దుబాటు తప్పి ఉండొచ్చు. నిలవకుండా అంగుళం అంగుళం దిగుతూ పోతే లీకే. ఇంజిన్ స్టార్ట్ చేసిన క్షణంలో పెడల్ కాస్త దిగడం మాత్రం రోగం కాదు, బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు.

ఇక్కడే చాలామంది మెకానిక్‌లు బోల్తా పడే చోటుంది. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగితే, గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి కప్పు అంచులు విచ్చుకుని గోడకు అతుక్కుంటాయి, పెడల్ నిలబడుతుంది. తేలిగ్గా తొక్కితేనే ద్రవం అంచుల పక్కనుంచి జారిపోతుంది. గ్యారేజీలో బలంగా ఒక్క తొక్కు తొక్కి "బ్రేకు బాగానే ఉంది సార్" అన్న మెకానిక్ అబద్ధం ఆడలేదు. కారు యజమాని సిగ్నల్ దగ్గర చూసిందీ అబద్ధం కాదు.

ఆయిల్ మట్టం తగ్గుతుంటే చక్రాల లోపలి వైపు, వెనక డ్రమ్ముల అడుగున, పైపుల కీళ్ల దగ్గర తడి వెతకాలి. ఎక్కడా చుక్క కనిపించకుండా ఆయిల్ మాయమవుతుంటే మాస్టర్ సిలిండర్ నట్లు విప్పి, దాన్ని కాస్త ముందుకు లాగి, వెనక వేలు పెట్టి చూడాలి. తడి తగిలితే ఆయిలంతా బూస్టర్‌లోకి పోతోందన్నమాట. మట్టం తగ్గకుండా పెడల్ దిగుతుంటే కప్పుల మీదే అనుమానం. ఖాయం చేసుకోవడానికి పైపులు విప్పి, సిలిండర్ రంధ్రాలకు ప్లగ్గులు బిగించి తొక్కాలి. అప్పుడూ దిగితే దోషం సిలిండర్‌దే. గట్టిగా నిలబడితే మాస్టర్ సిలిండర్ కొనాల్సిన పని లేదు, వెతకాల్సింది దాని తర్వాతి పైపుల్లో, చక్రాల దగ్గర, ఏబీఎస్ యూనిట్‌లో. ఏబీఎస్‌లో గాలి చిక్కుకుంటే చాలా కార్లలో స్కానర్ పెట్టి దాని పంపును తిప్పితే గానీ బయటికి రాదు.

పాత కార్లకు ఎయిర్ తీసేటప్పుడు మరో ప్రమాదం. ఒకరు లోపల కూర్చుని పెడల్‌ను నేలకు తాకేదాకా తొక్కుతారు. మామూలు రోజుల్లో పిస్టన్ అంత లోతుకు వెళ్లదు, ఆ భాగంలో తుప్పూ మడ్డీ పేరుకుని ఉంటాయి. కప్పులు వాటికి రాసుకుని చిరుగుతాయి. చిన్న పనికి వచ్చిన కారు మాస్టర్ సిలిండర్ పోయి తిరిగి వెళుతుంది. పెడల్ కింద చెక్కముక్క పెడితే ఈ తిప్పలు ఉండవు.

ఘాట్ రోడ్ల కథ వేరు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు 3.7 శాతం చేరితే అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌తో, గేరు తగ్గించకుండా బ్రేకు మీదే తిరుమల కొండ దిగితే ప్యాడ్ల వేడికి కాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ ఖాళీగా దిగిపోతుంది. తిరుపతిలో గ్యారేజీకి చేరేసరికి అంతా చల్లారి బ్రేకు మామూలుగా ఉంటుంది, మెకానిక్‌కు ఏమీ దొరకదు. అక్కడ మార్చాల్సింది ఆయిల్ ఒక్కటే. చాలా మాన్యువళ్లు రెండు మూడేళ్లకోసారి మార్చమంటాయి. ఆ పేజీ తిప్పేవాళ్లు తక్కువ.

చట్టమూ పెద్దగా పట్టించుకోదు. టాక్సీకి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కారుకు మాత్రం రిజిస్ట్రేషన్ గడువైన 15 ఏళ్లు నిండేదాకా బ్రేకు పరీక్ష తప్పనిసరి కాదు, పొగ పరీక్ష మాత్రం తప్పదు. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కారుకు ఏటా ఎంఓటీ పరీక్ష ఉంది, అందులో బ్రేకులూ చూస్తారు. అక్కడ కారు నడిపే తెలుగువాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఇక్కడ ఐదేళ్లు దాటిన సొంత కార్లకైనా రెండేళ్లకోసారి అలాంటి పరీక్ష పెట్టాలి.

అంతవరకూ గ్యారేజీలు బిల్లులో మొదటి పద్దుగా బ్రేకు పరీక్ష రుసుమును విడిగా రాయాలి, ఏ పరీక్షలో ఏం తేలిందో దాని కిందే రాసివ్వాలి. యజమాని ఆ రుసుమును బేరమాడకుండా ఇచ్చి, మార్చిన సిలిండర్‌ను తన ముందే విప్పి కప్పు అంచు చూపించమని అడగాలి.